మన వకీలు

బొంబాయి, పరేలు
12 జూన్ 1942

అక్కకు నీ తమ్ముడు వైకుంఠం నమస్కరించి రాసేది.

నేను బాగున్నాను. నువ్వు, కొండల్ బావ, బుచ్చయ్య తాత, మన బర్లు అందరూ బాగున్నారనుకుంటాను. బర్లను మనుషుల్లో కలిపేశానని నవ్వుతావు. ఇక్కడి పాలు తాగితే నువ్వూ కలుపుతావు. పొద్దున్నే మా గుమ్మంలో గిన్నెలో పోసి వెళ్లేదాన్ని పాలు అనడానికి నాకు నోరు రాదు. వానలు మొదలై గది గోడలన్నీ చెమ్మ పట్టాయి. ఉతికిన ధోవతి ఆరడం లేదు.

ఇక అసలు సంగతి. మొన్న సేఠు నన్ను తన గదిలోకి పిలిచి, కంపెనీ లా ఆఫీసుకు పెద్దను చేశాడు. కింద ఇద్దరు వకీళ్లు, ఒక గుమాస్తా. నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి బడిలో వేసిన బుచ్చయ్య తాతకు ముందు చెప్పు, తర్వాతే బావకు.

నువ్వు అడుగుతావని నేనే చెబుతున్నాను. నల్లకోటు పెట్టెలో పెట్టేశాను. నయాపూల్ దగ్గరి కోర్టులో ఉన్నప్పుడు ఎవరొస్తే వాళ్ల తరఫున వాదించేవాణ్ణి. ఇప్పుడు నాకు ఒకే కక్షిదారు, అది మన కంపెనీ. కోర్టులో గెలవడం నా పని కాదు, కోర్టు దాకా పోకుండా చూడటం నా పని. పోక తప్పకపోతే మాట్లాడటానికి బయటి వకీళ్లుంటారు. వాళ్లు ఏం అడగాలో నేను చెబుతాను. గోధుమపిండి కొన్నా, రేకు డబ్బాలు కొన్నా, జాగా కొన్నా, ఆ కాగితం నా బల్ల దాటాకే సేఠు దస్కతు పెడతాడు.

పోయిన నెల ఫౌజు వాళ్ల బిస్కెట్ల కరారు వచ్చింది. అందులో ‘అవసరమైనప్పుడు సరుకు ఆపవచ్చు’ అని ఉంది. ఎవరికి అవసరమైనప్పుడు? ఫౌజుకా, మనకా? అందరూ చదివారు, ఎవరికీ పట్టలేదు. నేను ఆ మాట మీద వేలు పెట్టి తీయలేదు. ఎక్కడ బేరం చెడుతుందోనని సేఠుకు నా మీద కోపం వచ్చింది. చివరికి మాట మార్చారు. ఒక మాటకు రెండు అర్థాలు వచ్చే చోట ఆగడమే నా ఉద్యోగమక్కా. తర్వాత సేఠే అన్నాడు, “నాకు వద్దని చెప్పే మనిషి ఒకడు నా ఇంట్లోనే ఉండాలి. అందుకే నిన్ను పెట్టుకున్నాను” అని.

మాదన్నపేట అవతలి మన కార్ఖానాను పెద్దది చేయాలంటున్నారు. మన కంపెనీ పెరిగితే మనవాళ్లకే పనులు దొరుకుతాయి.

నీ చేతి పచ్చిపులుసు మీద మనసు పోతూంటుంది.

నీ వైకుంఠం


మాదన్నపేట
2 జులై 1942

తమ్ముడు వైకుంఠానికి అక్క ఆండాలు వేయి దీవెనలు.

నీ ఉత్తరం అరుగు మీద అందరి ముందూ చదివాను. నువ్వు పలక మీద దిద్దుతుంటే పక్కన కూర్చుని నేర్చుకున్న అక్షరాలు కదా, అక్కడక్కడ తడబడ్డాను. నీ కొత్త కొలువు సంగతి విని మీ బావ, “కోర్టుకు పోని వకీలేంది? బర్లు లేని పాలోని లెక్కుంది” అన్నాడు. తాత కసిరాడు. “కోర్టుల తిరిగేటోడు అందరి వకీలు. గీడు మన వకీలు” అన్నాడు.

అప్పటినుంచి గల్లీలో నీ పేరు పోయింది. వైకుంఠం ఎట్లున్నాడని ఎవరూ అడగరు. “మన వకీలు ఉత్తరం రాసిండా?” అని అడుగుతారు. నువ్వు కూడా మన కంపెనీ, మన కార్ఖానా అని ఎన్నిసార్లు రాశావో. పక్కింటి మాణిక్యమ్మ, “మన కంపెనీ అంటున్నడు, బిస్కెట్లు మనకు ఉత్తగనె ఇస్తరేమో అడుగు” అంది. అడుగుతున్నాను. ఆమె నిజంగానే ఎదురుచూస్తోంది.

ఇంకో సంగతి. మన బర్ల బీడు మీద నిన్న ఎవరో గొలుసులు పట్టి కొలిచారు. ఎవరని అడిగితే చెప్పలేదు. కార్ఖానాలో పనిచేసే ఇశ్రాయేలు పాలకు వచ్చినప్పుడు చెప్పాడు, నవాబు ఆ బీడును కంపెనీకి అమ్మేశాడట, అక్కడ గోదాములు లేస్తాయట. నిజమేనా? బీడు పోతే బర్లు ఎక్కడ నిలబడాలి? వాటికి నీళ్ల బావి కూడా అందులోనే. మన గల్లీలో దూడ మళ్లడానికి కూడా చోటు లేదని నీకు నేను చెప్పాలా? ఈ వాడకట్టులో ఎన్ని పొయ్యిలు వెలిగినా ఆ బీడు మీదే కదా.

కొన్నది మన కంపెనీయే అయితే, మన వకీలు ఉండగా నాకు ఫికర్ లేదు. అయినా ఒక్క ముక్క రాయి. బావ పైకి నవ్వుతున్నాడు గాని తిండి తగ్గించాడు.

నీ అక్క ఆండాలు


బొంబాయి
20 జులై 1942

అక్కకు నమస్కారాలు.

నీ ఉత్తరం అందింది. ఇశ్రాయేలు చెప్పింది నిజమే. బీడును మా కంపెనీ కొన్నది. త్వరలో మా కంపెనీ మీకు నోటీసు ఇస్తుంది. మీరు బర్లను తీయకపోతే దావా వేస్తుంది. అందులో నేను మా కంపెనీ పక్షాన ఉండాలి.

కాబట్టి మీరు వేరే వకీలును పెట్టుకోండి. నయాపూల్ దగ్గర మంచివాళ్లున్నారు. ఈ విషయం ఇక నాకు రాయకండి. నేను మీకు ఏమీ చెప్పకూడదు, మీరు చెప్పేది వినకూడదు కూడా. ఎందుకని అడగవద్దు.

ఇక్కడ వాన విడవడం లేదు. మాణిక్యమ్మకు బిస్కెట్లు నేనే కొని పంపుతాను.

వైకుంఠం


మాదన్నపేట
6 ఆగస్టు 1942

వైకుంఠానికి అక్క దీవెనలు.

బోనాలు అయ్యాయి. లాల్‌దర్వాజ తల్లికి నీ పేరు మీద కూడా ఒడిబియ్యం పోశాను. నీ ఉత్తరం ఇంకా రాలేదు కాబట్టి పోశాను.

నీ ఉత్తరం అరుగు మీద చదవలేదు. ఒక్కదాన్నే కొట్టంలో నిలబడి చదువుకున్నాను. మా కంపెనీ అట. ఒక్కసారైతే చెయ్యి జారిందనుకుందును. ముందటి ఉత్తరంలో మన కంపెనీ, ఈ ఉత్తరంలో మా కంపెనీ. నడుమ ఏమైందిరా? ‘మీరు వేరే వకీలును పెట్టుకోండి’ అని రాశావు. ఆ మీరు ఎవరు? నేనా? మాణిక్యమ్మతో రోజూ నీళ్ల దగ్గర కొట్లాడతాను, అయినా ఆమెతో మన గల్లీ అంటాను, మన బావి అంటాను. ఇంట్లో పెరిగిన నువ్వు సొంత అక్కకు మా అని రాస్తావా? కుర్చీ పెద్దదైతే నోరు ఇంత చిన్నదవుతుందా?

నోటీసు వచ్చింది. దాని వెనకే నయాపూల్ వకీలు ఒకడు తనంతట తానే వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. “బీడు మాదే, మేం ఎవ్వర్ని అడగలె, ఎవ్వరు మాకియ్యలె అని చెప్పుండ్రి. తక్కింది నేను చూస్త” అన్నాడు. తాతకు ఒళ్లు మండింది. “నవాబు సాబు మెహర్బానీతోని బర్లను నిలుపుకుంటున్నం. అడగలేదని నేనెట్ల అంట? మన వకీలు బొంబాయిల ఉండంగ నడుమ నువ్వేంది?” అని పంపేశాడు.

నేను తలుపు వెనక నిలబడి విన్నాను. నువ్వు వేరే వకీలును పెట్టుకోమన్నావని నోటి దాకా వచ్చింది. ఏ మొహంతో చెప్పను? మన వకీలు మనల్ని వద్దన్నాడని ఆ ముసలాయనకు నా నోటితో చెప్పాలా? చెప్పలేదు. ఏ కోపంలోనో, ఏ పని ఒత్తిడిలోనో అట్లా రాశావని అనుకుంటున్నాను. అరుగు మీద చదవగలిగే ఉత్తరం ఒకటి రాయి.

ఆండాలు


బొంబాయి
30 ఆగస్టు 1942

అక్కా,

ఊరంతా లొల్లిగా ఉంది. ట్రాములు నిలిచిపోతున్నాయి, బజార్లు ఏ పూట తెరుస్తారో తెలియదు. టపా కూడా ఆలస్యం. నీ ఉత్తరం నిన్ననే చేతికి వచ్చింది.

మా అని రాసినందుకు నన్ను క్షమించు. ఆఫీసులో రాసి రాసి చెయ్యి అలా అలవాటు పడింది. నేను మారలేదక్కా. నువ్వు నోరు చిన్నదైందని రాశావే, ఆ మాట నా చెవిలోంచి పోవడం లేదు.

ఫికర్ చేయకు. మన జాగా సంగతి నేను చూస్తున్నాను. కోర్టులో మన ఆనందరావు గారు ఉంటారు, నిదానస్తుడు, కేకలు వేసే మనిషి కాదు. ఆయన ఏం అడిగినా తాతను, బావను భయపడకుండా ఉన్నది ఉన్నట్టు చెప్పమను. అబద్ధం మన ఇంట్లో ఎన్నడూ లేదు.

ఈ ఉత్తరం అరుగు మీద చదువు.

నీ తమ్ముడు వైకుంఠం


మాదన్నపేట
18 ఫిబ్రవరి 1943

మన వకీలుకు, బొంబాయి కంపెనీ పెద్దకు, నా తమ్ముడు వైకుంఠానికి అక్క ఆండాలు ఎన్ని దీవెనలు రాసినా తక్కువే.

మొన్న పేషీ అయింది. నేనూ పోయాను. ఆడవాళ్లకు అక్కడేం పని అని బావ అంటే, మన కేసు కాదా అన్నాను. సద్దిరొట్టెలు కట్టుకుని అందరం నడిచిపోయాం. తాత పెండ్లిళ్లకు కట్టే తెల్ల రుమాలు తలకు చుట్టాడు. నయాపూల్ మీద జనం తోసుకుంటుంటే, “జరుగుండ్రి, మా కేసుంది” అని దారి అడిగాడు.

ఆనందరావు గారిని చూడగానే తాత వంగి సలాం పెట్టాడు. ఆయన కంగారుపడ్డట్టు కనిపించాడు, సలాం తీసుకుని పక్కకు తిరిగాడు. పెద్దమనిషి కదా, అందరి ముందు మనవాళ్లని చూపించుకోవద్దని అనుకున్నాడేమో అనుకున్నాం. జడ్జి మీ వకీలు ఎవరని అడిగితే బావ ఆనందరావు గారినే చూపించాడు. అక్కడున్నవాళ్లు నవ్వారు. జడ్జి తల అడ్డంగా ఊపి కోర్టు ఉర్దూలో గబగబా ఏదో చెప్పాడు. మాకు అర్థం కాలేదు. తాత మాత్రం, “మాకు వేరే వకీలు అక్కర లేదు హుజూర్. ఉన్నది ఉన్నట్టు చెప్తం” అన్నాడు. నువ్వు రాసిన మాటే, ఒక్క అక్షరం పోకుండా.

తర్వాత ఆనందరావు గారు లేచాడు. నువ్వు చెప్పినట్టే నిదానస్తుడు. తాత కోసం తెలుగులోనే అడిగాడు.

“పెద్దయ్యా, దసరాకు నవాబు గారి దేవిడికి ఏమన్న పంపుతరా?”

“పెరుగు కుండ పంపుతం సాబ్. మా నాయిన కాలంనుంచి పంపుతున్నం.”

“ఎందుకు పంపుతరు?”

“బీడుల బర్లను నిలుపుకోనిస్తున్నడు గద. మా నాయిన పోయి అడిగిండు, సరే అన్నడు. మర్యాద ఉండాలె గదా.”

“ఆయన వద్దంటె?”

“వద్దంటె లేస్తుంటిమి. ఆయన జాగ. కని ఎన్నడు వద్దనలె. మంచోడు.”

ఆనందరావు గారు “బస్” అని కూర్చున్నాడు. జడ్జి రాసుకున్నాడు. బావనూ అదే అడిగారు, బావా అదే చెప్పాడు. అంతే, అయిపోయింది. ఇంత తేలికగా ఉంటుందని తెలిస్తే రాత్రంతా పూజలు చేసేదాన్ని కాదు.

బయటికి వచ్చాక తాత మెట్ల మీద కూర్చుని రొట్టె తింటూ ఒకటే నవ్వు. “పెరుగు కుండ సంగతి గా సాబుకు ఎట్ల ఎరుక? మన వకీలే చెప్పి పంపిండు. తిరకాసు మాటలు అడగనియ్యకుండ మంచి మాట అడిగించిండు” అన్నాడు. నాకూ అదే అనిపించింది. చిన్నప్పుడు ఆ కుండ నెత్తిన పెట్టుకుని దేవిడికి పోయింది నువ్వే కదా. కుండ మీది ఆకు గాలికి జరిగితే, నవాబు తంతాడని దారి పొడుగునా ఏడ్చేవాడివి. అక్కడ వాళ్లు ఖర్జూరాలు చేతిలో పెడితే నవ్వుతూ తిరిగొచ్చేవాడివి. ఆ సంగతి బొంబాయిలో నీకు తప్ప ఎవరికి తెలుసు? అంత దూరం పోయినా మరిచిపోలేదని కండ్లలో నీళ్లు తిరిగాయి. నేను ఊరికే నిన్ను మాటలన్నాను. నా నోరు నీకు తెలుసు కదా, మనసులో పెట్టుకోకు.

తీర్పు తర్వాత చెబుతారట. తీర్పు వచ్చాక మీ సేఠుకు కూడా నెయ్యి పంపుదామని తాత అంటున్నాడు. ఆయనకు నెయ్యి పడుతుందా?

నీ అక్క ఆండాలు


బొంబాయి
9 మార్చి 1943

అక్కా,

నీ ఉత్తరానికి జవాబు రాయడానికి చాలాసార్లు కూర్చుని లేచాను. ఇది చదివాక నన్ను తిట్టు. తిట్టకుండా మాత్రం ఉండకు.

మనం ఓడిపోతాం. మనం అని రాసే హక్కు నాకు లేదు. మీరు ఓడిపోతారు, మా కంపెనీ గెలుస్తుంది. ఆనందరావు గారు మా వకీలు. తాత సలాం పెట్టింది అవతలి పక్షానికి.

ఒక జాగాను ఎవరినీ అడగకుండా, మాదే అన్నట్టు ఏళ్ల తరబడి వాడుకుంటే చట్టం దాన్ని హక్కు అంటుంది. అడిగి వాడుకుంటే ఇజాజత్, అంటే అనుమతి, అంటుంది. ఇజాజత్ ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. తాత తండ్రి మర్యాదగా అడిగాడు. మీరు ఏటా మర్యాదగా కుండ పంపారు. ఆ మర్యాదే మీ మీద సాక్ష్యమైంది. ఆ కుండ గురించి అడిగించింది నేనే, తాత అనుకున్నది నిజమే. మిమ్మల్ని ఓడించడానికి అడిగించాను.

ఇంకా ఉంది. బీడు కొనేముందు సేఠు నన్ను పిలిచి, బర్లవాళ్లు అడ్డం పడితే ఏం చేద్దామని అడిగాడు. నేను తడుముకోకుండా చెప్పాను, పడలేరు, వాళ్లు ఇజాజత్ మీద ఉన్నారు, దసరాకు పెరుగు కుండ పంపుతారు అని. ఆఫీసులో ఎవరికీ తెలియని సంగతి నాకు తెలుసని పొంగిపోయాను. సేఠు భుజం తట్టాడు. ఆ కుండ మోసింది నేనేనని చెప్పడానికి సిగ్గుపడ్డాను. లా ఆఫీసుకు పెద్దను చేసింది ఆ తర్వాతే. నీకు గొప్పగా రాసిన ఆ కుర్చీ అలా వచ్చింది.

నువ్వు కోప్పడ్డ ఉత్తరం ఒక్కటే నేను నిజాయితీగా రాసింది. అందులో మా అని రాయడానికి నా చెయ్యి ఎంత నొచ్చిందో నీకు తెలియదు. నువ్వు తిడితే తట్టుకోలేకపోయాను. తర్వాతి ఉత్తరంలో మన జాగా, మన ఆనందరావు అని రాశాను. రాసి ఆగాను. ఆ మన నువ్వు ఎలా చదువుతావో నాకు తెలుసు. ఒక మాటకు రెండు అర్థాలు ఉంటే ఊరుకోని వాణ్ణి, ఫౌజు వాళ్లనే ఆపినవాణ్ణి, మా అక్కకు రాసిన మాట దగ్గర వేలు తీసేశాను. నువ్వు మళ్లీ నన్ను తమ్ముడా అని పిలవాలి, అంతే అనుకున్నాను. అక్క ప్రేమ కోసం అక్క బీడును తీసుకున్నవాణ్ణి ఏమంటారో నాకు తెలియదు.

నీ ఉత్తరం అందిన మర్నాడు సేఠు దగ్గరికి పోయాను. బావి వైపు కొంత జాగా వదిలేద్దామన్నాను. “ఇది ఎవరి వకీలుగా చెబుతున్నావు?” అని అడిగాడు. వాళ్లు నా వాళ్లు, అందులో ఆండాలు మా అక్క అన్నాను. “ఈ మాట కొనకముందు చెప్పి ఉంటే ఆ జాగా జోలికే పోయేవాణ్ణి కాదు కదయ్యా. వద్దనడానికే కదా నిన్ను పెట్టుకున్నాను” అన్నాడు. ఇప్పుడు గోదాములు చూపించి ఫౌజుతో కరారు అయిపోయింది. ఆ కరారు సరిచూసింది కూడా నేనే. దాన్ని విప్పడానికి అందులో ఎక్కడా సందు వదల్లేదు.

ఉద్యోగానికి రాజీనామా రాసి పెట్టుకున్నాను. తీర్పు రాకముందే నేను వచ్చి, వీళ్లను నేనే మోసం చేశానని జడ్జి ముందు చెబుతాను. ఈ ఉత్తరం తాతకు, బావకు చదివి వినిపించు. నేను నీ కాళ్ల మీద పడి అడిగేది అదొక్కటే.

వైకుంఠం


మాదన్నపేట
30 సెప్టెంబరు 1943

వైకుంఠానికి ఆండాలు రాసేది.

ఇన్ని నెలలు ఎందుకు రాయలేదని అడగవని తెలుసు. తీర్పు ఏప్రిల్‌లోనే వచ్చింది. నీకు నాకంటే ముందే తెలిసి ఉంటుంది.

మా బర్లను బార్కస్ వైపు తోలుకుపోయాం. మా అని రాస్తున్నాను. నువ్వు రాసినప్పుడు కోప్పడ్డాను, ఆ మాటే సరైనదని నాకు అప్పుడు తెలియదు. సగం బర్లను అమ్ముకోక తప్పలేదు. మీ బావ వాటిని సంతకు తోలేప్పుడు వెనక్కి తిరగలేదు. ఉన్నవాటి పాలు అంత దూరంనుంచి వచ్చేసరికి పొద్దెక్కుతోంది. చాయ్ హోటళ్ల వాళ్లు వేరే పాలు పెట్టుకున్నారు. మాణిక్యమ్మ వాళ్లు వాడకట్టు వదిలి ఆమె పుట్టింటికి పోయారు. పోయేరోజు కూడా నాతో నీళ్ల దగ్గర కొట్లాడి, ఆ తర్వాత ఏడ్చింది.

నువ్వు పంపిన ఉత్తరం వచ్చిందని తెలిసి ఆ రోజు అందరూ అరుగు మీదికి చేరారు. తాత, “చదువు బిడ్డా, మన వకీలు ఏమన్నడు?” అన్నాడు. నువ్వు చదివి వినిపించమన్నావు. నేను కాగితం పట్టుకుని నిలబడి, అందులో లేనిది చదివాను. ఆనందరావు గారు మంచిగ అడిగారని రాశాడన్నాను. తాతకు నూరేండ్లు ఆయువు కోరాడన్నాను. అబద్ధం మన ఇంట్లో ఎన్నడూ లేదని రాశావు కదా. ఆ రోజునుంచి ఉంది.

తీర్పు వచ్చాక కూడా నువ్వు రాసింది తాతకు చెప్పలేదు. “మన వకీలు ఏం చేస్తడు పాపం. జడ్జి అట్ల రాసిండు” అంటున్నాడు. అరుగు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్లకు అదే చెబుతున్నాడు, నిన్ను ఎవరూ ఏమీ అనకుండా.

నువ్వు ఇంకా కొలువులోనే ఉన్నావని ఇశ్రాయేలు చెప్పాడు, రాజీనామా మాట ఇక ఎత్తకు. నువ్వు కొలువు వదిలేస్తే ఎందుకు వదిలావని తాత అడుగుతాడు. ఆయనకు నేను ఇంకో అబద్ధం చదవలేను. జడ్జి ముందుకు వచ్చి చెబుతానన్నావు, రాలేదు. వచ్చినా ఏం చెప్పేవాడివి? తాత నిజం చెప్పాడనా? ఆయన తండ్రి అడిగింది నిజం, కుండ పంపింది నిజం. నువ్వు మోసం చేసింది తాత మాటను కాదు, మా నమ్మకాన్ని. దానికి కోర్టు లేదు.

నిన్ను తిట్టమన్నావు. తిట్టడానికి కూర్చుంటే నా సంగతి ముందుకొస్తోంది. వేరే వకీలును పెట్టుకోమని నువ్వు రాసిన ఉత్తరాన్ని దాచింది నేను. అది అరుగు మీద చదివి ఉంటే, నయాపూల్ వకీళ్లలో మంచివాడెవడో ఒకడు అబద్ధం చెప్పించకుండానే కొంత గడువు అడిగేవాడేమో, బావికి దారి అడిగేవాడేమో. మీ బావ బార్కస్‌నుంచి కావడి మోసుకుని వచ్చి, భుజం తడుముకుంటూ కూర్చుంటే, నేను నూనె రాస్తాను. ఆ ఉత్తరం గుర్తుకొచ్చి చెయ్యి ఆగుతుంది. ఆయన “ఏమైందే?” అంటాడు. ఏం లేదంటాను. నువ్వు బొంబాయిలో మోస్తున్నది నేను ఇక్కడ ఇంట్లోనే మోస్తున్నాను. ఇది నీ మీద జాలితో రాయడం లేదు.

బార్కస్‌లో ఒక అరబ్బు పెద్దమనిషి తన దొడ్డి వెనక బర్లకు చోటిచ్చాడు. తాతే కర్ర పట్టుకుని పోయి అడిగాడు. ఆయన సరేనన్నాడు. అడగవద్దని నేను తాతకు ఎట్లా చెప్పగలను? ఈ దసరాకు ఆయనకు పెరుగు కుండ పోతోంది.

తాత ఇంకో మాట అన్నాడు. బీడు ఇప్పుడు మన వకీలు కంపెనీది కదా, ఇన్నాళ్లు నిలుచున్న జాగా, దాని మర్యాద దానికి ఉండాలె అన్నాడు. బొంబాయి దాకా పెరుగు పోదు కాబట్టి నెయ్యి కాచమన్నాడు. కాచాను. కంపెనీ పని మీద వస్తున్న ఇశ్రాయేలు చేతికిచ్చి పంపుతున్నాను. కుండ మూతికి ఆకు కప్పి, జరగకుండా గట్టిగా గుడ్డ కట్టాను.

ఇదెందుకు పంపారని మీ సేఠు అడిగితే, మావాళ్లకు మర్యాద ఎక్కువని చెప్పు.

ఆండాలు